డాబా మీద పాలికార్బొనేట్ పైకప్పు: పని డైరీ

స్థలం విజయవాడ, రెండంతస్తుల ఇంటి డాబా. కట్టాల్సింది నాలుగు వైపులా తెరిచి ఉండే ఒకవాలు షెడ్డు. వానాకాలంలో బట్టలు ఆరాలి, కాకులు తన్నుకుపోకుండా వడియాలు ఎండాలి, కుండీల్లో మొక్కలకు మండుటెండ నుంచి కాస్త చాటు కావాలి. ఇనుప రేకు వేస్తే కింద చీకటి, మధ్యాహ్నం సెగ. అద్దం వేస్తే బరువు, పైగా మా వీధిలో కోతులు ఎక్కువ. అందుకే పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్ షీట్. ఈ షీట్ పగిలి పాడవడం చాలా అరుదు. రేకును బిగించినట్టే దీన్నీ బిగించడం వల్లే ఎక్కువగా పాడవుతుంది. ఈ డైరీలో ఎక్కువ భాగం ఆ తేడా గురించే.

ఫిబ్రవరి 2: కొలతలు, లెక్కలు

షెడ్డు కొలత ముందు గీసుకుని తర్వాత షీట్ కోసం వెతికితే సగం డబ్బు తుంపుల్లో పోతుంది. మార్కెట్లో గొట్టాల షీట్ (లోపల బోలు గొట్టాలు వరసగా ఉండే రకం) 2.1 మీటర్ల వెడల్పు, 5.8 మీటర్ల పొడవులో దొరికింది. రెండు షీట్లు తీసుకుని ఒక్కోదాన్ని పొడవులో సగానికి, వెడల్పులో సగానికి కోస్తే మొత్తం ఎనిమిది ముక్కలు వస్తాయి. రంపం తినేది పోగా ఒక్కోటి 1,048 మి.మీ. వెడల్పు, సుమారు 2.9 మీటర్ల పొడవు. కప్పు కొలత దాన్నిబట్టే తేలింది: వాలు పొడవు 2.9 మీటర్లు, అడ్డం 8.5 మీటర్లు. తుంపు దాదాపు సున్నా.

లోపలి గొట్టాలు పైనుంచి కిందికి, వాలు వెంటే పోవాలి. అడ్డంగా పెడితే లోపల చేరిన తేమ బయటికి రాదు. వాలు కనీసం 5 డిగ్రీలుండాలి, అంటే మీటరుకు 9 సెం.మీ. దింపు. ఇక్కడ 2.8 మీటర్లకు 35 సెం.మీ. దింపాం, 7 డిగ్రీలు దాటింది. దుమ్ము వానతోపాటు జారిపోవాలంటే ఆ మాత్రం ఉండాల్సిందే.

మందం 10 మి.మీ. ఇది చదరపు మీటరుకు 1.7 కిలోలు తూగుతుంది. మొత్తం కప్పు షీట్ల బరువు 41 కిలోలే. 6 మి.మీ. అద్దమైతే చదరపు మీటరుకే 15 కిలోలు. ఈ తేలికదనం ఎంత సౌకర్యమో అంత ప్రమాదం కూడా. మన గాలి ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విజయవాడకు లెక్కలోకి తీసుకోవాల్సిన గాలివేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44. వేగాన్ని వేగంతో గుణించి, మళ్ళీ 0.6తో గుణిస్తే ఒత్తిడి వస్తుంది. 50కి అది 1,500 న్యూటన్లు, అంటే చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల తోపు. ఆ మీటరు షీట్ బరువు రెండు కిలోలు కూడా లేదు. తెరిచిన షెడ్డులో ఈ గాలి కింది నుంచి పైకి లేపుతుంది. అంచుల దగ్గర ఇంకా ఎక్కువ. మొత్తం కప్పుకు స్థూలంగా 3,700 కిలోలు, పది కాళ్ళకు పంచితే ఒక్కోదానికి 370. కాబట్టి కాళ్ళు స్లాబు మీద ఎక్కడ పడితే అక్కడ నిలపకుండా కింద బీములున్న చోట్లనే నిలపాలని నిర్ణయం. ఈ ఒక్క విషయం మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించాకే ముందుకెళ్ళాలి. మిగతాదంతా చేతిపని.

ఫిబ్రవరి 5: షీట్ కొనుగోలు

దుకాణంలో చూడాల్సిన మొదటి వస్తువు తూకం కాటా. 10 మి.మీ. అని చెప్పే షీట్లలో గోడలు పలచనివి కూడా అమ్ముతారు. బయటి మందం కొలిస్తే 10 సరిగ్గానే ఉంటుంది, లోపలి గోడలే పలచన. 2.1 × 5.8 మీటర్ల షీట్ 12.18 చ.మీ., అది 20.7 కిలోల దగ్గర తూగాలి. మొదట చూపించిన షీట్ 17 కిలోలు కూడా తూగలేదు. చేత్తో అంచు నొక్కితే గొట్టాలు కుంగుతున్నాయి. వద్దని, నిండు బరువున్నది తీసుకున్నాం.

రెండోది ఎండ పక్క. పాలికార్బొనేట్‌కు అతినీలలోహిత కిరణాలు పడవు. రక్షణ లేకుండా ఎండలో పెడితే కొన్నేళ్ళలో పసుపెక్కి, పైపొర పెళుసుబారుతుంది. అందుకే షీట్ తయారయ్యేటప్పుడే ఒక పక్కన ఆ కిరణాలను ఆపే పలచటి పొర కలుపుతారు, మందం సుమారు 50 మైక్రాన్లు. ఆ పక్క కాగితప్పొర మీద అచ్చు ఉంటుంది, ఆ పక్కే ఆకాశం వైపు ఉండాలి. పొర ఊడదీశాక రెండు పక్కలకూ తేడా కంటికి తెలియదు. తిరగేసి బిగించిన షీట్‌కు కంపెనీ హామీ కూడా వర్తించదు. అందుకే ఇంటికి రాగానే ప్రతి ముక్క గొట్టపు అంచు మీద మార్కరుతో 'పై' అని రాసే పని పెట్టుకున్నాం.

రంగు విషయంలో చాలామంది బ్రాంజ్ అడుగుతారు, చల్లగా ఉంటుందని. అది వెలుతురును ఆపేది తాను పీల్చుకుని. దాంతో షీటే ఎక్కువ వేడెక్కుతుంది, ఎక్కువ సాగుతుంది. పారదర్శకమైనది 80 శాతం దాకా వెలుతురు వదులుతుంది, మన ఎండకు అది మరీ ఎక్కువ. పాలరంగు, అంటే ఓపల్, సుమారు సగం వెలుతురునిస్తుంది, నీడ మెత్తగా పరుచుకుంటుంది. కోస్తా ఎండలకు అదే సరైనదని గట్టి అభిప్రాయం. అదే తీసుకున్నాం.

కొందరు ఏ పాలికార్బొనేట్ షీట్‌నైనా లెక్సాన్ అనే పిలుస్తారు. ఆ పేరు అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ పెట్టుకున్నది. జర్మనీలో బేయర్ పెట్టుకున్న పేరు మాక్రోలాన్. 1953లో బేయర్‌లో హెర్మన్ ష్నెల్, జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఇదే పదార్థాన్ని తయారుచేశారు. కాబట్టి పేరు చూసి మోసపోకుండా బిల్లు మీద తయారీదారు, మందం, చదరపు మీటరు బరువు, హామీ ఏళ్ళు నాలుగూ రాయించుకోవాలి.

ఫిబ్రవరి 7 నుంచి 11: ఫ్రేము

కాళ్ళు 60 × 60 × 3 మి.మీ. చదరపు పైపు, ముందు ఐదు, వెనక ఐదు. అడుగున 200 మి.మీ. చదరపు పలకలు, ఒక్కోదానికి నాలుగు 12 మి.మీ. కెమికల్ యాంకర్లు, అంటే రంధ్రంలో జిగురుతో పట్టే బోల్టులు. యాంకరు కోసం స్లాబులో వేసిన రంధ్రాన్ని గాలి కొట్టి, బ్రష్షుతో తోమి, మళ్ళీ గాలి కొట్టాలి. సిమెంటు పొడి మిగిలితే జిగురు పొడికి అంటుకుంటుంది, కాంక్రీటుకు కాదు.

వాలు వెంట రాఫ్టర్లు తొమ్మిది, 50 మి.మీ. పైపు, మధ్య దూరం 1,065 మి.మీ. షీట్ వెడల్పు 1,048 కాబట్టి రెండు షీట్ల మధ్య 17 మి.మీ. ఖాళీ వస్తుంది. నడుమ 6 మి.మీ. స్క్రూ పోగా రెండు పక్కలా ఐదేసి మి.మీ. మిగులుతుంది. పైన వచ్చే అల్యూమినియం పట్టీ 60 మి.మీ. వెడల్పు, అది ఒక్కో షీట్ అంచును 21 మి.మీ. దాకా పట్టుకుంటుంది. 20కి తగ్గితే గాలివానలో షీట్ వంగి అంచు పట్టీలోంచి జారిపోతుంది. రాఫ్టర్ల మధ్య అడ్డపైపులు పైమట్టం కలిసేలా 70 సెం.మీ.కి ఒకటి చొప్పున ఐదు వరసలు.

వెల్డింగు మొత్తం షీట్ ఎక్కకముందే అయిపోవాలి. తర్వాత ఒక్క నిప్పురవ్వ పడినా షీట్‌లోకి దిగబడుతుంది. ప్రైమరు మీద పెయింటు వేసి మూడు రోజులు వదిలేశాం. పచ్చి పెయింటులోని థిన్నరు ఆవిరి కూడా పాలికార్బొనేట్‌కు హానే. ఫ్రేము ఏ రంగైనా సరే, షీట్ ఆనే పైముఖానికి తెలుపే వేయాలి. ముదురు రంగు ఇనుము వేడెక్కి, తన మీదున్న షీట్ గీతను మాత్రం మిగతాదానికంటే ఎక్కువ కాలుస్తుంది. అందుకే పాత కప్పుల్లో పైపు వెంబడే చారలు కనిపిస్తాయి.

ఫిబ్రవరి 12: కోత

ఏడంగుళాల చేతి రంపపు మిషను, 60 పళ్ళ కార్బైడ్ బ్లేడు. కాగితప్పొర తీయకుండానే కోయాలి. గీతకు రెండు పక్కలా చెక్కపట్టీలు ఆనించి క్లాంపు వేయకపోతే షీట్ అదురుతుంది, అంచు పళ్ళుపళ్ళుగా వస్తుంది. పొడవు కోతను షీట్ లోపలి నిలువు గోడకు ఆనుకునేలా గీశాం. గోడకు దూరంగా కోస్తే రెండు పలచటి రెక్కలు మిగిలి, గ్యాస్కెట్ (పట్టీ కింద పెట్టే రబ్బరు) కింద నలిగిపోతాయి.

కోసిన పొట్టు తెల్లగా మంచులా గొట్టాల్లోకి దూరి, స్థిర విద్యుత్తుతో గోడలకు అంటుకుంటుంది. వెంటనే బ్లోయరుతో ఊదేయాలి. రెండో చివర నుంచి కూడా ఊదాలి. టేపు వేశాక అది ఇక ఎన్నేళ్ళైనా లోపలే ఉంటుంది, కింద నిలబడి తలెత్తితే కనిపిస్తూనే ఉంటుంది.

ఫిబ్రవరి 13: తుంపు మీద పరీక్షలు

పని చేసేవాళ్ళందరి ముందూ చేసి చూపాల్సిన పరీక్ష ఇది. కిటికీ కోసం తెచ్చిన, లోపల గొట్టాల్లేని 3 మి.మీ. షీట్‌లో రెండంగుళాల పట్టీ కోశాం. బండ మీద పెట్టి సుత్తితో నిండా కొట్టాం. సొట్ట పడింది, తెల్లమచ్చ వచ్చింది, పగుల్లేదు. అదే పట్టీని విల్లులా వంచి పట్టుకుని, వంపు పైభాగాన థిన్నరు ముంచిన గుడ్డతో ఒక్కసారి తుడిచాం. కొన్ని క్షణాల్లో నిగనిగలాడే ముఖం మీద వెంట్రుకల్లాంటి గీతలు లేచాయి. అవి ఒకదానికొకటి పక్కపక్కనే, వంపుకు అడ్డంగా, సాలెగూడులా పరుచుకున్నాయి. ఇంకాస్త వంచేసరికి పట్టీ పుటుక్కున రెండు ముక్కలైంది. సుత్తికి లొంగని షీట్ గుడ్డకు లొంగింది.

కారణం ఇది. వంపులో సాగదీతకు గురైన పొడవాటి అణు గొలుసుల మధ్యకు ద్రావకం దూరి, వాటి పట్టు వదిలిస్తుంది. ఒత్తిడి లేని షీట్ మీద అదే థిన్నరు మసక మాత్రమే తెస్తుంది. రెండూ కలిసినప్పుడే పగులు. కప్పు మీద ఒత్తిడి ఎక్కడుంటుంది? స్క్రూ చుట్టూ. అందుకే స్క్రూ దగ్గరికి చేరే ప్రతి వస్తువునూ అనుమానించాలి: సీలెంటు, వాషరు, గ్యాస్కెట్, పెయింటు మరకలు తుడిచే గుడ్డ.

సీలెంటు పిండి వాసన చూడాలి. వెనిగర్ వాసన వేస్తే అది ఆమ్లం వదిలే రకం, దీనికి పనికిరాదు. డబ్బా మీద 'న్యూట్రల్ క్యూర్' అని ఉండాలి. గ్యాస్కెట్‌కు రాగి తీగ పరీక్ష ఉంది. తీగను మంటలో ఎర్రగా కాల్చి, గ్యాస్కెట్‌కు ఆనించి, మళ్ళీ మంటలో పెట్టాలి. మంట పచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉంది, మన మార్కెట్లో అయితే చాలావరకు పీవీసీ. పీవీసీని మెత్తగా ఉంచే నూనెలు మెల్లగా షీట్‌లోకి దిగి ఇదే పగులు తెస్తాయి. ఈపీడీఎం రబ్బరు పచ్చమంట ఇవ్వదు. తెచ్చిన రెండు చుట్టల్లో ఒకటి పచ్చగా మండింది, వెనక్కి పంపేశాం.

ఫిబ్రవరి 14: రంధ్రాలు, టేపులు

లెక్క ముందు. పాలికార్బొనేట్ మీటరుకు, ఒక్కో డిగ్రీకి 0.065 మి.మీ. సాగుతుంది. ఇనుము 0.012 మాత్రమే. చలికాలపు తెల్లవారుజామున 15 డిగ్రీలు, మే మధ్యాహ్నం ఎండకు కాలిన షీట్ 65 డిగ్రీలు అనుకుంటే తేడా 50. 2.9 మీటర్ల ముక్క 9.4 మి.మీ. కదులుతుంది. కింద ఇనుము 2 మి.మీ. కూడా కదలదు. బిగుతు రంధ్రాలతో బంధిస్తే ఆ తేడా ఎక్కడికీ పోలేదు. షీట్ ఉబ్బుతుంది, లేదా స్క్రూ చుట్టూ చీలుతుంది.

ఇక్కడ పాటించిన పద్ధతి: ప్రతి ముక్కకూ నట్టనడుమ ఉన్న ఒక్క స్క్రూకే సరిపడా రంధ్రం. ముక్క అక్కడ నిలుస్తుంది, రెండు చివర్లకూ సాగుతుంది. 5 కిలోల ముక్క జారకుండా పట్టుకోవడానికి ఆ ఒక్కటి చాలు. దానికి 70 సెం.మీ. దూరంలో ఉన్న స్క్రూలకు 10 మి.మీ. రంధ్రం, చివరి వాటికి 14. స్క్రూ మందం 5.5 మి.మీ. పెద్ద రంధ్రాన్ని కప్పేలా 32 మి.మీ. వాషరు, దాని కింద ఈపీడీఎం. ఏ రంధ్రమూ అంచుకు 40 మి.మీ. కంటే దగ్గర రాకూడదు. తల లోపలికి దిగే స్క్రూలు అసలు వాడకూడదు. అవి చీలలా దిగబడి షీట్‌ను చీలుస్తాయి.

గొట్టాల పైచివర గాలి చొరని అల్యూమినియం టేపు, కిందిచివర సన్నటి చిల్లులున్న వడపోత టేపు, రెండూ 38 మి.మీ. వెడల్పువి. పైదాన్ని కింద, కిందదాన్ని పైన వేస్తే వాననీరు గొట్టాల్లోకి దిగి, బయటికి వచ్చే దారిలేక రెండో వానాకాలానికల్లా పచ్చటి పాచి పడుతుంది. లోపల పడిన పాచిని తీయడం దాదాపు అసాధ్యం. టేపు వేసే ముందు అంచు వెంట కాగితప్పొరను రెండంగుళాలు పైకి లేపుకోవాలి, లేకపోతే టేపు పొరకు అంటుకుని దాంతోపాటే ఊడొస్తుంది. టేపు మీద అల్యూమినియం యు పట్టీ. కింది పట్టీకి 30 సెం.మీ.కి ఒకటి చొప్పున నీరు కారే చిన్న రంధ్రాలు.

ఫిబ్రవరి 15: బిగింపు

పొద్దున 6:30కి మొదలుపెట్టాం, షీట్ చల్లగా ఉన్నప్పుడు. ఎక్కినవాళ్ళు రెండు రాఫ్టర్ల మీద వేసిన పలక మీదే మోకరిల్లాలి, షీట్ మీద అడుగు వేయకూడదు. వాషరు కింద రబ్బరు కాస్త నొక్కుకుని, వేలితో వాషరును తిప్పితే కష్టంగానైనా తిరగాలి. అంతే బిగింపు. మూడో ముక్కకు డ్రిల్లు క్లచ్ తగ్గించడం మర్చిపోయి గట్టిగా బిగించేశారు. పదకొండు గంటలకు ఆ ముక్క రెండు అడ్డపైపుల మధ్య వేలెడెత్తు ఉబ్బింది, మిగతావి చదునుగానే ఉన్నాయి. స్క్రూలు అరచుట్టు వదలగానే టక్కుమని చప్పుడు చేసి కూర్చుంది. పక్కపక్కనే రెండు ముక్కలు, ఒకే షీట్, ఒకే ఎండ. తేడా ఆ అరచుట్టే.

బిగించిన రోజే కాగితప్పొర పూర్తిగా తీసేయాలి. వారం రోజులు ఎండలో ఉంటే జిగురు కాలి షీట్‌కు అతుక్కుపోతుంది. దాన్ని వదిలించడానికి ఎవరో ఒకరు థిన్నరు తెస్తారు.

ఫిబ్రవరి 16: పెన్సిలు గీతలు

కింది చివర షీట్ అంచు దగ్గర, ఫ్రేముకు అతికించిన పట్టీ మీద పొద్దున్నే పెన్సిలుతో గీత. మధ్యాహ్నం రెండింటికి అంచు గీతను దాటి రెండున్నర మి.మీ. కిందికొచ్చింది. సాయంత్రానికి వెనక్కి. లెక్కకు సరిపోయింది: నడుమ నుంచి చివరికి 1.4 మీటర్లు, సుమారు 30 డిగ్రీల తేడా. కప్పు పొద్దునా సాయంత్రం టిక్ టిక్ మంటుంటే భయం లేదు, షీట్ గ్యాస్కెట్ మీద జరుగుతోందని అర్థం. పెద్ద చప్పుళ్ళు వస్తే ఎక్కడో బిగుసుకుంది.

మార్చి 20: కడగడం

ముందు నీళ్ళు పోసి దుమ్ము కరగనివ్వాలి. పొడిగుడ్డతో తుడిస్తే మన వీధి దుమ్ములోని ఇసుకే గరుకు కాగితం. గీతలు పడటంలో ఈ ప్లాస్టిక్ అద్దం కంటే చాలా నాసి. తర్వాత మామూలు సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ. అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవాలు, కాస్టిక్, గట్టి క్షారాలు వద్దు. పక్కింట్లో వెల్ల వేస్తుంటే సున్నపు చుక్కలు పడతాయి, ఆరకముందే కడిగేయాలి. 20 లీటర్ల నీళ్ళ క్యాన్లలో చాలా వాటికి అడుగున ముక్కోణంలో 7 ఉంటుంది, అవీ చాలావరకు ఈ ప్లాస్టిక్కే. ఘాటైన క్షారంతో ఏళ్ళ తరబడి కడిగిన క్యాన్లు అడుగు మలుపు దగ్గర గీతలు పడి కారడానికి కారణం కూడా అదే.

మే 18: ఎండ, ఈదురుగాలి

షెడ్డు కింద నీడ ఉంది, చల్లదనం అనలేం. నాలుగు వైపులా తెరిచి ఉంది కాబట్టి సెగ నిలవడం లేదు. ఇదే షీట్‌తో మూసిన గది కట్టాలనుకునేవాళ్ళు పైభాగాన వేడిగాలి పోయే దారి పెట్టకపోతే అది కొలిమే. కుండీ మొక్కలు బాగున్నాయి. వాటికి కావాల్సింది కనిపించే వెలుతురు, అందులో సుమారు సగం షీట్ వదులుతోంది. వడియాలు మాత్రం ఆరుబయట కంటే నెమ్మదిగా ఎండుతున్నాయి. పారదర్శక షీట్ ఒక్క ముక్క వేసి ఉంటే ఆ మూల వాటికి బాగుండేది.

నిన్నటి ఈదురుగాలి తర్వాత స్క్రూలన్నీ చూశాం. చూరు వైపు రెండు వాషర్లు వదులయ్యాయి. కారణం అడ్డపైపు మందం. అక్కడ తుంపుగా మిగిలిన 1.2 మి.మీ. పైపు వాడారు, స్క్రూ మరలకు పట్టు చాలలేదు. ఆ రెండు చోట్ల పైపు లోపల 3 మి.మీ. పలక పెట్టి నట్టుబోల్టుగా మార్చాం. కోతులు రోజూ దూకుతున్నాయి. గీతలున్నాయి, పగులు లేదు.

జులై 9: వానలు

కారడం ఒక్కచోటే, నాలుగో రాఫ్టరు పైచివర. పట్టీ గ్యాస్కెట్‌ను లాగి పట్టుకుని కోశారు, అది తర్వాత ముడుచుకుని 15 మి.మీ. లోపలికి పోయింది. గ్యాస్కెట్‌ను లాగకుండా పరిచి, పొడవు మీద ఒక వేలెడు ఎక్కువ ఉంచి కోయాలి. ఖాళీలో ముక్క పెట్టి న్యూట్రల్ సిలికాన్ వేశాం.

పొద్దున గొట్టాల్లో సన్నటి తేమ కనిపిస్తోంది, తొమ్మిదిన్నరకల్లా పోతోంది. వడపోత టేపు పనిచేస్తోందన్నమాట. ఎనిమిది ముక్కల్లో ఏడోదానిలో మాత్రం మధ్యాహ్నం దాకా నిలుస్తోంది. కింది యు పట్టీ విప్పి చూస్తే రంధ్రాలు మట్టితో పూడిపోయాయి, ఆ పక్కనే కుండీలు తడిపే పైపు ఉంది. రంధ్రాలను 4 నుంచి 6 మి.మీ.కి పెంచాం, పైపును పిట్టగోడ అవతలి మూలకు మార్చాం. దీపావళికి ముందు చూరు వెంట పడ్డ ఎండుటాకులు ఊడ్చాలి. తారాజువ్వ పడితే ఈ ప్లాస్టిక్ తనంతట తాను పెద్దగా మండదు కానీ, అది పడిన చోట కరిగి చిల్లు పడుతుంది. ఆకులు అంటుకుంటే మాత్రం కింద టేపు, గ్యాస్కెట్ రెండూ పోతాయి.